దాణా మిల్లులో అన్నయ్య ఇచ్చిన మాట

వాషింగ్టన్,
నవంబర్ 9, ఆదివారం.

అన్నయ్యా,

ఈ ఉత్తరాన్ని నువ్వు చింపకుండా చదువుతావన్న నమ్మకం నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నీ చెవుల్ని ట్రాక్టరూ, పాలు పితికే మిషనూ కలిసి ఎప్పుడో తినేశాయి. చెవికి మిషను పెట్టించుకో అంటే ముసలాడిలా కనిపిస్తానంటావు. నేను నర్సు చదువుకి మాడిసన్ వెళ్ళిన నాటి నుంచీ మనిద్దరి మధ్య కష్టమైన మాటలన్నీ ఉత్తరాల్లోనే నడిచాయి. ఇదీ అలాంటిదే అనుకో.

మొన్న శుక్రవారం క్లబ్బులో చేపల వేపుడు తింటూ నువ్వన్న మాటలు నన్ను వదలడం లేదు. నీకు వినపడదు కాబట్టి నువ్వు నోరు విప్పితే ఊరంతటికీ వినపడుతుంది. నేను పళ్ళెం తెచ్చుకుని నీ ఎదురుగా కూర్చున్నానో లేదో మొదలుపెట్టావు.

“ఏమే మార్లీ, ప్రెసిడెంటు మీద అభిశంసన అంటున్నారుగా. ఔనని ఓటేస్తావా, వెయ్యవా?”

“ఇంకా తేల్చుకోలేదన్నయ్యా. పదవిని సొంతానికి వాడుకున్నాడో లేదో విచారణ నడుస్తోంది కదా.”

“నేను ఏడాది కిందటే తేల్చేశానే. మిల్లులో పదకొండు మందికి మాటిచ్చాను. నువ్వు పక్కనే ఉన్నావు. అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“అప్పుడు ఇదంతా లేదు.”

“ఆ ఓటు అయ్యేదాకా నా వాకిట్లో కాలు పెట్టకు.”

జోలీన్ వదిన నీ చొక్కా పట్టుకుని లాగింది. నువ్వు ఫోర్కు పళ్ళెంలో పడేసి లేచిపోయావు. నీ చేపముక్క అలాగే మిగిలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహం చూడలేక క్యాబేజీ సలాడు వంక చూస్తూ కూర్చున్నారు. నేను ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చాను. యాభై మూడేళ్ళు వచ్చాక అన్నయ్య తిట్టాడని ఏడవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను. నోట్లో ఏమీ పెట్టుకోలేదు. చేతిలో మాత్రం కాఫీ కప్పు ఉంది. ఎన్నికలకి మూడు వారాల ముందు, పొద్దున్నే నన్ను దాణా మిల్లుకి తీసుకెళ్ళి, పదకొండు మంది పాలరైతుల ముందు నిలబెట్టావు. వాళ్ళంతా ప్రెసిడెంటుకి ఓటేసినవాళ్ళు. నువ్వూ వేశావు. “మా చెల్లెలిది అవతలి పార్టీయే. కానీ అక్కడికి వెళ్ళి ప్రెసిడెంటుతో తగువు పెట్టుకోదు. ఆయన్ని దించే పనిలో చెయ్యి వెయ్యదు. మన నది కట్ట సంగతీ, పాల ధర సంగతీ చూస్తుంది. పూచీ నాది” అన్నావు. నన్ను అడగకుండా అన్నావు. నిజమే. కానీ నేను కాదనలేదు. కాదంటే ఓడిపోతానని నాకు తెలుసు. ఆ పదకొండు మందీ తమ బంధువులకీ, పక్క పొలాలవాళ్ళకీ చెప్పారు. నేను తొమ్మిది వందల పద్నాలుగు ఓట్ల తేడాతో గెలిచాను. ఆ మౌనానికి జీతం తీసుకుంటున్నది నేను. నువ్వు గొడ్ల చావడి గోడ మీద, రోడ్డువైపు, నా పేరున్న పలక కొట్టి, దాని కింద తెల్ల రంగుతో స్వయంగా రాశావు: పూచీ నాది, ఎల్డన్. ఇప్పటికీ ఊళ్ళోకి వచ్చే ప్రతివాడూ అది చదివే వస్తాడు.

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను. మా పార్టీలో ఓట్లు లెక్కగట్టే పెద్దమనిషి బెర్నార్డ్ లస్క్ నన్ను రోజుకోసారి పిలుస్తాడు. కుర్చీ లాగి వేస్తాడు, తర్వాత భయపెడతాడు.

“మార్లిస్, న్యాయం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఎన్నికలు ఏడాదిలో ఉన్నాయి. మనం సభలో అభిశంసిస్తాం. సెనేట్‌లో వాళ్ళ పార్టీ ఎక్కువ, ఆయన్ని వదిలేస్తుంది. అప్పుడాయన ఊరూరా తిరిగి, చూడండి, కడిగిన ముత్యంలా బయటికొచ్చాను అంటాడు. మీలాంటివాళ్ళు పాతికమంది ఇంటికి పోతారు. సభ కూడా వాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది.”

“అంత తెలిసీ మరెందుకు తెస్తున్నారు?” అన్నాను.

“తేకపోతే మనకి ఓటేసినవాళ్ళు మన మొహాన ఉమ్మేస్తారు” అన్నాడు. అబద్ధం చెప్పడు, అదొక్కటే ఆయనలో మంచి.

ఔనంటే నువ్వు మిల్లులో తల ఎత్తుకోలేవు. కాదంటే నేను అద్దంలో చూసుకోగలనో లేదో నాకింకా తెలీదు. విచారణ పూర్తిగా వినాలి. అప్పటిదాకా కోపం ఆపుకో అన్నయ్యా, నిన్ను బతిమాలుకుంటున్నాను.

జవాబు రాస్తే ఈ కవరు మీద వేసిన అద్దె ఇంటి చిరునామాకే రాయి. ఆఫీసుకి రాయకు. ఆఫీసుకొచ్చే ప్రతి ఉత్తరాన్నీ, అందులో ఎవరైనా విషప్పొడి పెట్టారేమోనని, ముందు ఎక్కడికో తీసుకెళ్ళి కిరణాల మిషన్లో పెడతారు. రెండు వారాలకి గాని నా బల్ల మీదికి రాదు. వచ్చేసరికి మాడిన రొట్టెలా ఉంటుంది.

నీ చెల్లెలు,
మార్లీ.

వాషింగ్టన్,
నవంబర్ 24, సోమవారం.

అన్నయ్యా,

ఇది కూర్చుని చదువు. పాలగదిలో స్టూలు మీద కూర్చుని చదువు. వదిన పక్కనుంటే ఇంకా మంచిది.

మొన్న గురువారం కట్టల శాఖ ఇంజనీరమ్మ ఒకావిడ మా ముందు సాక్ష్యం చెప్పింది. పాతికేళ్ళ సర్వీసు. ముందు మూసిన తలుపుల వెనక చెప్పింది, ఈ రోజు ఆ సాక్ష్యాన్ని బయటపెట్టారు, అందుకే నీకు రాయగలుగుతున్నాను. టీవీలో ఎవడో అరుస్తూ చెప్పగా నువ్వు వినకూడదు. నా చేత్తో రాసింది చదవాలి.

లిటిల్ హెరన్ నది మీద మన కట్ట మరమ్మతుకి జనవరిలోనే డబ్బు మంజూరైంది. ఫిబ్రవరిలో పైనుంచి ఆపమన్నారు. ఎందుకని ఆవిడ అడిగింది. ఏప్రిల్‌లో ప్రెసిడెంటు మన రాష్ట్రానికొచ్చి సభ పెడతాడు, మన గవర్నర్ ఆ వేదికెక్కి ఆయన పక్కన నిలబడతానని ఒప్పుకునేదాకా ఒక్క పైసా కదలకూడదు, ఇది ప్రెసిడెంటు స్వయంగా చెప్పిన మాట అని జవాబొచ్చింది. ఆవిడ మూడుసార్లు రాసింది, వరదల కాలం వస్తోంది, ఆ కట్ట నిలవదని. మూడు కాగితాలూ మాకు చూపించింది. మూడో కాగితంలో మన ఊరి పేరుంది. నదికి దిగువన ఉన్న పొలాల పేర్లున్నాయి. నాలుగో పేరు ట్వైట్. మనది.

ఏప్రిల్ పదకొండున కట్ట తెగింది. ఇరవైన గవర్నర్ వేదికెక్కాడు. ఇరవై రెండున డబ్బొచ్చింది.

ఆ సాక్ష్యం వింటూ నేను బల్ల కింద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. నాకు ఆ తెల్లవారుజాము గుర్తొచ్చింది. నువ్వు నడుం లోతు నీళ్ళలో దిగి ఒక్కొక్క ఆవు మెడ గొలుసూ విప్పి రోడ్డు మీదికి తోలావు. నీళ్ళు వెనక నుంచి కూడా వచ్చేస్తాయని ఎవరికి తెలుసు. ముప్ఫై ఎనిమిది ఆవులు మునిగి చచ్చిపోయాయి. తర్వాత గొయ్యి తవ్వే మిషను పనిచేస్తుంటే, దాని మోతలో నువ్వు నన్ను అడిగావు. “ఎందుకే ఇంత ఆలస్యమైంది? జనవరిలోనే వస్తుందన్నావుగా.” నేను నీ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. “కాగితాల పని అన్నయ్యా. ఎవరి తప్పూ కాదు.” నాకు శాఖవాళ్ళు అదే చెప్పారు, నేను నమ్మాను, ఇంకో ప్రశ్న అడగలేదు. నువ్వు సరేనని తలూపి, వాటి మెడబిళ్ళలు కడిగి పాలగదిలో మేకుకి తగిలించావు. ఆ మెడబిళ్ళల ముందు నీకు అబద్ధం చెప్పాను నేను. తెలిసి కాదు. అయినా నా నోటితోనే.

లస్క్‌తో అన్నాను, “ఇది మా అన్నయ్య పొలం” అని. ఆయన “అయ్యో” అన్నాడు. ఆ తర్వాత అన్నాడు, “అయినా మీ జిల్లాలో నూటికి యాభై నాలుగు మంది అభిశంసన వద్దంటున్నారు. ఆవుల గురించి విన్నాక కూడా వద్దంటారు. ఎన్నికల్లో జనమే చూసుకుంటారు, మీకెందుకు అంటారు.” ఆ యాభై నాలుగు మందిలో నువ్వున్నావా అన్నయ్యా? నాకు ఈ ప్రపంచంలో తెలియాల్సింది అదొక్కటే.

ఒక్క మాట అడుగుతాను. నువ్విచ్చిన మాట నుంచి నన్ను విడిపించు. “ఔనని వెయ్యవే” అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ ముక్క లేకుండా నేను ఔనంటే, ఆ పదకొండు మంది ముందు నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టే. నాన్న పోయాక ఆ ఊళ్ళో నీకు మిగిలింది పొలం కాదు, అది సగం బ్యాంకుది. మిగిలింది నీ మాట. ఎల్డన్ ట్వైట్ చెప్పాడంటే కోడెదూడని చూడకుండా కొనేస్తారు. దాన్ని నేను తీసుకెళ్ళి వాషింగ్టన్ చెత్తబుట్టలో పడెయ్యలేను.

గురువారం కృతజ్ఞతల పండక్కి వస్తాను. వాకిట్లో కాలు పెట్టను. గేటు దగ్గర నిలబడతాను.

మార్లీ.

వాషింగ్టన్,
డిసెంబర్ 16, మంగళవారం.

అన్నయ్యా,

ఇది నీకు చేరేసరికి ఓటు అయిపోయి ఉంటుంది. ఓటు రేపే.

పండగనాడు వచ్చాను. గేటు దగ్గర పావుగంట నిలబడ్డాను. వదిన కోటు కప్పుకుని వచ్చి, నువ్వు జింకల వేటకి ఉత్తరాన శిబిరానికి వెళ్ళావనీ, తనేమో మర్నాడు ఫార్గోలో అమ్మాయి పురిటికి బయల్దేరుతోందనీ చెప్పింది. టర్కీ ముక్కలు డబ్బాలో పెట్టి గేటు మీదుగా అందించింది. “ఉత్తరం చదివాడా?” అన్నాను. “చదివాడు. చదివి జేబులో పెట్టుకుని తుపాకీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు మార్లీ, నాతో కూడా” అంది. ఆ డబ్బా కారులో పక్కసీటు మీద పెట్టుకుని విమానాశ్రయం దాకా వచ్చాను. తినలేకపోయాను.

ఆ తర్వాత ఇరవై రోజులు. ప్రతిరోజూ అద్దె ఇంటి తలుపు దగ్గర ఉత్తరాలు ఏరుకున్నాను. కరెంటు బిల్లు వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నీకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మోగుతున్నట్టు నీకు తెలియను కూడా తెలియదని తెలిసీ చేస్తున్నాను. వదినకి ఫార్గోకి చేస్తే, “ఇక్కడ బిడ్డ అడ్డం తిరిగింది, నాకేమీ తెలీదమ్మా” అని ఏడ్చింది. నీ మౌనానికి అర్థం నాకు తెలుసు. నువ్వు కాదంటే అరవవు. మాట్లాడటం మానేస్తావు. నాన్న భూమి అమ్ముదామన్నప్పుడు నాలుగు నెలలు అలాగే చేశావు.

నా పరిస్థితి ఎవరికీ చెప్పుకోలేనిది. తిండి సయించడం లేదు. మెట్లెక్కుతుంటే గుండె దడ. నర్సుని, ఇదేమిటో నాకు తెలుసు, దీనికి మందు లేదు. నిన్న సభ మెట్ల మీద ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని “ధైర్యంగా వెయ్యమ్మా” అంది. పది అడుగులు వేశానో లేదో ఇంకొకాయన “దేశాన్ని చీల్చకమ్మా” అన్నాడు. ఇద్దరికీ థాంక్సండీ అన్నాను.

అప్పుడు ప్రిండివిల్‌గారు కబురు చేశారు. నీకు తెలుసు, నదికి అవతలి జిల్లా ప్రతినిధి, ప్రెసిడెంటు పార్టీ. డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను కొత్తగా వచ్చినప్పుడు భోజనాల గదికి దారి చూపించిన మనిషి ఆయనొక్కడే. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. వెళితే మంచం మీద పేకముక్కలు పరుచుకుని ఒక్కరే ఆడుకుంటున్నారు.

“కూర్చో తల్లీ. రేపు నేను రాలేను. వస్తే కాదని వేసేవాణ్ణి. మా వాళ్ళకి ఆ సంగతి తెలియాలి. ఇక్కడో పాత పద్ధతుంది, నువ్వు వినే ఉంటావు. రాలేని వాడికి జోడీగా అవతలి వైపు వాళ్ళొకరు తమ ఓటు వెనక్కి తీసుకుంటారు. అటూ వెయ్యరు, ఇటూ వెయ్యరు. హాజరు అని రాయిస్తారు. మర్యాద కోసం.”

“నన్నెందుకు అడుగుతున్నారు?”

“నీ మొహం రోజూ టీవీలో చూస్తున్నాను కాబట్టి. నీకో తలుపు కావాలి. నా దగ్గరొకటుంది.” ఒక ముక్క తిప్పి, మళ్ళీ బోర్లించి అన్నారు, “మేలు చేస్తున్నానో కీడు చేస్తున్నానో నాకే తెలీదు మార్లిస్. ఆ తలుపులోంచి వెళితే నిన్నెవరూ తిట్టరు. అంతవరకు హామీ ఇవ్వగలను.”

లస్క్‌కి చెబితే మొహం వెలిగిపోయింది. “మీ ఓటు లేకపోయినా నెగ్గుతాం. ముసలాయన కోసం చేశారంటే రెండు వైపులా దండం పెడతారు. ఎన్నికల్లో ఇంతకంటే తెలివైన పని లేదు” అన్నాడు. ఆ తెలివి నాకు వద్దనుకున్నాను. కానీ ఒప్పుకున్నాను అన్నయ్యా. నా సీటు కోసం కాదు. నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదు, ఇది నిజం. ఔనని వేస్తే నీ మాట పోతుంది. కాదని వేస్తే ఆ మెడబిళ్ళలకి ద్రోహం. ఇలా అయితే నువ్వు మిల్లులో, “మా చెల్లెలు దించే పనిలో చెయ్యి వెయ్యలేదు” అనవచ్చు. అది అబద్ధం కాదు. నీకోసం నాకు చేతనైంది ఇంతే.

ఇక నీ వాకిట్లోకి రావచ్చా?

మార్లీ.

హెరన్ ఫోర్క్,
డిసెంబర్ 6, శనివారం.

గౌరవనీయ ప్రజాప్రతినిధి మార్లిస్ ట్వైట్‌గారికి,

ఇది చెల్లెలికి రాసే ఉత్తరం కాదు. ఓటరుగా రాస్తున్నాను. అందుకే ఆఫీసు చిరునామాకి పంపిస్తున్నాను. ఇంటికే రాయమన్నావు, గుర్తుంది. కానీ ఇది ఇంటి సంగతి కాదు. రైతు తన ప్రతినిధికి చెప్పే మాట ప్రతినిధి ఆఫీసుకే వెళ్ళాలి, నలుగురి ఉత్తరాల్లో కలిసి వెళ్ళాలి. ఓటు ఈ నెల మూడోవారంలో అంటున్నారు. ఆ మిషన్లో పడినా అప్పటికి చేరుతుంది.

నీ ఉత్తరం అందింది. వేటకి తీసుకెళ్ళి శిబిరంలో తొమ్మిది రోజులూ చదివాను. ఒక్క జింకనీ కొట్టలేదు. మొదట నీ మీదే కోపమొచ్చింది, మీ పార్టీవాళ్ళు అల్లిన కథేమో అనుకున్నాను. తిరిగొచ్చాక కౌంటీ ఆఫీసుకి వెళ్ళి, కట్ట పని చూసేవాణ్ణి డైరీ చూపించమన్నాను. మిషన్లు ఫిబ్రవరి ఆరో తేదీ నుంచీ మన రోడ్డు చివర నిలబడి ఉన్నాయి. రోజూ అదే రాశాడు, ఆదేశం లేదు, ఆదేశం లేదు. నేనా మిషన్ల పక్కనుంచి రోజూ పాలబండి తోలుకెళ్ళాను. ఒక్కరోజూ ఆగి అడగలేదు.

ఇవాళ పొద్దున్న మిల్లుకి వెళ్ళాను. ఆ పదకొండు మందినీ పిలిచాను. ఏడాది కిందట మీకో మాటిచ్చాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. చెల్లెల్ని అడక్కుండా ఇచ్చాను, అది నా తప్పు అన్నాను. నీ ఉత్తరం గట్టిగా చదివాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎక్కడ వణికిందో తెలీదు.

గస్ పీటర్సన్ అన్నాడు, నా చెవి దగ్గరికొచ్చి. “ఎల్డన్, అంతా నిజమే అనుకుందాం. ఎన్నికలు దగ్గర పెట్టుకుని ఈ గోల ఎందుకు? వచ్చే నవంబర్లో మనమే ఓటేసి దించుకుంటాం కదా.”

“ఎన్నికలు నవంబర్లో గస్. నది పొంగేది ఏప్రిల్లో” అన్నాను.

గస్‌తో కలిపి ఏడుగురు సరేనన్నారు. నలుగురు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు నా దగ్గర ఇక దూడలు కొనరు, కొనకపోనీ. మిగిలిన ఏడుగురికీ చెప్పాను, మార్లీ ఔనని ఓటేస్తుంది, ఈసారి కూడా పూచీ నాదే అని. టీవీ బళ్ళు ఊళ్ళో తిరుగుతున్నాయి కదా, ఓటు అయ్యేదాకా ఈ మాట మిల్లు గడప దాటకూడదని ఒట్టు వేయించుకున్నాను. దాటదు. వాళ్ళ సంగతి నీకు తెలుసు.

కాబట్టి నా ప్రతినిధిని నేను కోరేదేమిటంటే, ఔనని వెయ్యి. ఓడిపోతే ఓడిపో. నర్సు ఉద్యోగం ఎక్కడికీ పోదు.

చావడి మీద పలక వానకి వెలిసిపోయింది. నిచ్చెన వేసుకుని నీ పేరు కింద నా అక్షరాలకి మళ్ళీ రంగు వేశాను.

ఇట్లు,
ఎల్డన్ ట్వైట్, ఓటరు.

కింద ఒక ముక్క చెల్లెలికి: ఆ రోజు చేపల దగ్గర అన్నమాటకి సిగ్గుపడుతున్నాను. వాకిలి నీది కూడా.

వాషింగ్టన్,
డిసెంబర్ 19, శుక్రవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఈ రోజు పదిన్నరకి నా బల్ల మీదికొచ్చింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. కాగితం పచ్చబడి, మడతల దగ్గర పెళుసుగా విరిగిపోయింది. “వాకిలి నీది కూడా” అన్నచోట చిన్న ముక్క రాలిపోయింది. దాన్ని వెతికి అతికించాను.

పదమూడు రోజులు నా విడుదల ఎక్కడో గోడౌన్లో మిషను కింద పడి ఉంది. నేను ఇక్కడ తలుపు దగ్గర కరెంటు బిల్లులు ఏరుకుంటున్నాను.

బుధవారం ఏం జరిగిందో నా నోటితో చెబుతాను. నువ్వు చూశావని తెలుసు. మీరు ఎనిమిది మందీ మిల్లులో టీవీ ముందే కూర్చుని ఉంటారు. ముందు నేను కార్డు పెట్టి ఔనని నొక్కాను. పద్ధతి అలాగే ఉంటుంది, వేసి, తర్వాత వెనక్కి తీసుకోవాలి. సభ గోడ మీద నా పేరు పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది. నాలుగు నిమిషాలు వెలిగింది. ఆ నాలుగు నిమిషాలూ నేను కుర్చీ చెయ్యి పట్టుకుని ఉన్నాను, అలాగే వదిలేద్దామా అని. ఎవరూ నన్ను చూడటం లేదు. వదిలేసి ఉండవచ్చు. అప్పుడు నీ మొహం గుర్తొచ్చింది, పళ్ళెంలో ఫోర్కు పడేసి లేచిన మొహం. లేచి నిలబడ్డాను. “నేను ఔనని ఓటేశాను” అన్నాను. మిల్లులో మీవాళ్ళు ఆ ముక్క విని నీ వీపు తట్టి ఉంటారు. నేను వాక్యం పూర్తి చేశాను. “ఆసుపత్రిలో ఉన్న నా మిత్రుడు వస్తే కాదని వేసేవారు. ఆయనకి జోడీగా నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. హాజరు అని రాయండి.” నీకు ఇందులో ఒక్క అక్షరం కూడా వినపడి ఉండదు. ఎవరో ఒకరు వంగి నీ చెవిలో అరిచి చెప్పి ఉండాలి. గస్ చెప్పి ఉంటాడా? పొద్దున్నుంచీ నేను ఆలోచిస్తున్నది అదే. నా పిరికితనాన్ని నీ చెవిలో ఎవరు అరిచారా అని.

నీ మాట నిలబెట్టాలని చేశాను. నువ్వు దాన్ని పదకొండు రోజుల ముందే వెనక్కి తీసుకుని, కొత్తది ఇచ్చి ఉన్నావు. నలుగురిని పోగొట్టుకుని ఇచ్చావు. దాన్ని నేను దేశమంతా చూస్తుండగా అబద్ధం చేశాను. నువ్వు రాయకపోయినా నేను ఔనని వెయ్యాల్సింది అన్నయ్యా. అదీ నాకు ఇవాళే తెలిసింది. నీకోసం, నీకోసం అని నీ వెనక దాక్కున్నాను. మిల్లులో కాఫీ కప్పు వెనక దాక్కున్నట్టే.

తీర్మానం నేను లేకుండానే నెగ్గింది. ఇప్పుడిక సెనేట్ వదిలేస్తుంది. లస్క్ మధ్యాహ్నం వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. జిల్లాలో నాకు మద్దతు నాలుగు శాతం పెరిగిందట. “గెలిచినట్టే మార్లిస్” అన్నాడు. ఆయన పోయేదాకా ఆగి స్నానాలగదిలోకి వెళ్ళి ఆ చెయ్యి కడుక్కున్నాను. ప్రిండివిల్‌గారు పూలు పంపారు. వాటిని ఆసుపత్రికే తిరిగి పంపించాను.

వచ్చే శనివారం, క్రిస్మస్ అయిన రెండో రోజు, పొద్దున ఆరింటికి మిల్లుకి వస్తాను. ఆ ఏడుగురినీ రమ్మను. వెళ్ళిపోయిన నలుగురు వస్తానంటే వాళ్ళనీ రమ్మను. నీ ఉత్తరం చదివి, ఆ తర్వాత ఇది చదువుతాను. ఎల్డన్ అబద్ధం చెప్పలేదు, చెప్పింది నేను అంటాను. వాళ్ళు ఏమన్నా నిలబడి వింటాను. నువ్వు నా పక్కన నిలబడనక్కర్లేదు. రాకపోయినా ఫర్వాలేదు.

మళ్ళీ పోటీ చెయ్యాలో వద్దో ఆ తర్వాత చూస్తాను. నా పేరు ఆ పలక మీద ఉంటే ఉండనీ, లేకపోతే పోనీ. దాని కింద నువ్వు రాసిన అక్షరాలు మాత్రం నువ్వు తీసెయ్యకు. ఈ చలిలో నీ మోకాళ్ళతో నిచ్చెన ఎక్కవద్దు. నేనే వచ్చి చెరుపుతాను. నిచ్చెనా, తెల్ల రంగు పోయే నూనే వాకిట్లో పెట్టి ఉంచు.

నీ చెల్లెలు,
మార్లిస్.